చేతిపనికి బడి కట్టిన దివాను

బెజ్జంకి గుట్టమీది లక్ష్మీనరసింహస్వామి జాతరకు చుట్టుప్రక్కల పల్లెలనుండి జనము తరలివచ్చుచుందురు. పొట్టకూటికై దూరదేశములకు పోయినవారు సైతము వీలు చూచుకొని ఆ దినములకు ఇల్లు చేరవలెనని తహతహపడుదురు. 2016వ సంవత్సరము వరకు కరీంనగరు జిల్లాలో నుండి, పిమ్మట సిద్దిపేట జిల్లాలో చేరిన ఈ ప్రాంతమునకు వలస క్రొత్త విషయము కాదు. ఒక తరమువారు భీవండి మగ్గములకును, బొంబాయి కట్టడపు పనులకును పోయిరి. తరువాతి తరమువారు దుబాయి, మస్కటు, సౌదీ అని విమానమెక్కిరి.

ఒకే ఊరినుండి ఒకే దినమున బయలుదేరిన ఇద్దరు యువకులను ఊహించుకొందము. ఇద్దరును ఒకే బడిలో పదవ తరగతి చదివినవారే. ఒకడు వెల్డింగు పని నేర్చి, పరీక్ష నిచ్చి, ధ్రువపత్రము చేతబట్టుకొని పోయినాడు. రెండవవాడు వట్టి చేతులతో పోయినాడు. అచ్చట మొదటివానిని వెల్డరందురు, రెండవవానిని హెల్పరందురు. ఎండ ఇద్దరి నెత్తిమీదను ఒక్కటే. జీతము మాత్రము ఒక్కటి కాదు. రెండవవానికి తెలివి తక్కువయా? ఒంట్లో బలము తక్కువయా? రెండును కావు. వానికి పని నేర్పిన బడి లేకపోయెను. అంతే భేదము.

ఈ చిన్న భేదమును ఒక దేశమునకంతకును అన్వయించి చూచి, దరిద్రమునకు మూలకారణములలో ఇది యొకటియని గట్టిగా నమ్మినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. తెలుగు విద్యార్థులకు ఆయన ఆనకట్టలు కట్టిన ఇంజనీరుగా సుపరిచితులు. సెప్టెంబరు 15వ తేదీన ఆయన పటమునకు పూలమాల వేయని సాంకేతిక కళాశాల మనదేశమున ఉండదు. కాని నీటిని నిలుపుటకై ఆయన పడిన శ్రమ ఎంతయో, పనిచేయు చేతులకు విద్య గరపుటకై పడిన శ్రమ కూడ అంతయే. ఈ రెండవ భాగము మన పాఠ్యపుస్తకములలో అంతగా కానరాదు.

ఆయన పూర్వులు తెలుగువారు. గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము వారి స్వగ్రామము. కొన్ని తరములకు పూర్వము ఆ కుటుంబము మైసూరు సీమకు తరలి, చిక్కబళ్లాపురము చెంతగల ముద్దెనహళ్లిలో స్థిరపడెను. ఇంటి భాష తెలుగుగానే నిలిచెను. అచ్చట 1861 సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. కుమారుని విద్యాభ్యాసము ముగియకముందే కాలధర్మము నొందెను. తల్లి వేంకటలక్ష్మమ్మ ధైర్యముతో కుమారుని బెంగుళూరు పంపెను. అచ్చట పిల్లలకు ప్రైవేటు చెప్పి, ఆ వచ్చిన దానితో కాలము గడుపుచు, సెంట్రల్ కాలేజీలో 1881లో బి.ఏ. పట్టము పొందిరి. ఆ పట్టముతో ఆ దినములలో ఒక గుమాస్తా పని దొరకియుండెడిది. మైసూరు ప్రభుత్వము విద్యార్థివేతన మిచ్చి పూనా ఇంజనీరింగు కళాశాలకు పంపుటచేత ఆయన జీవితము వేరొక మార్గమున నడచెను. 1883లో అచ్చటి పరీక్షలో ప్రథములుగా ఉత్తీర్ణులైరి. సరియైన వేళకు అందిన ఒక విద్యార్థివేతనము మనుష్యుని ఎట్లు మార్చునో ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. తమ బ్రతుకుననే చూచిరి.

బొంబాయి ప్రభుత్వము క్రింద 1884 నుండి ఇరువది నాలుగేండ్లు పనిచేసిరి. సింధులోని సుక్కూరునకు మంచినీరు, ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు, దక్కను కాలువల క్రింద నీటిని వంతులవారీగా పంచు పద్ధతి, ఇవన్నియు ఆ కాలపు పనులే. వీనినిగూర్చి వ్రాసినవారు చాలమంది గలరు గనుక నేను విడిచిపెట్టుచున్నాను.

ఆ కాలమునాటి పనుల తీరు మాత్రము ఒకింత గ్రహింపదగినది. పైన పటము చేతబట్టిన ఇంజనీరు. ఆయన సాధారణముగ ఆంగ్లేయుడు. క్రింద తట్ట నెత్తిన బెట్టుకొన్న కూలీ. ఈ ఇరువురి నడుమ ఉండవలసినవాడు, అనగా పటమును చదువగలిగి, పనిముట్టును పట్టగలిగి, కొలతకు కొలత తప్పక పని దింపగలిగిన వాడు, మిక్కిలి అరుదు. మన కమ్మరి, వడ్రంగి, కాసె పనివారికి నైపుణ్యము లేకకాదు. వారి విద్య తండ్రినుండి కొడుకునకు చేతిమీదుగా వచ్చెడిది. అందులో అక్షరము లేదు, లెక్క లేదు, క్రొత్త యంత్రము లేదు. బడులలోనేమో అక్షరమున్నది, లెక్క ఉన్నది, చేయి లేదు. చదివినవాడు పనిముట్టు ముట్టడు, పనిముట్టు పట్టినవాడు చదువడు. ఈ రెండింటి నడుమ నున్న అగాధముననే దేశ సంపద పడి మునుగుచున్నదని విశ్వేశ్వరయ్యగారి నిశ్చయము.

1898లో ఆయన జపాను దేశమునకు పోయి చూచి వచ్చిరి. అప్పటికి ఆ దేశము నూతన మార్గమున పడి ముప్పదియేండ్లు మాత్రమే. యువకులను పరదేశములకు పంపి పని నేర్పించుట, పరదేశపు గురువులను పిలిపించుట, నేర్చినవారు సిద్ధము కాగానే ఆ గురువులను సగౌరవముగా సాగనంపుట అచ్చటి పద్ధతి. ఆ యాత్ర ఆయన మనస్సునుండి చివరివరకు చెరగిపోలేదు. తరువాత ఆయన వ్రాసిన గ్రంథములలో జపాను ప్రస్తావన మాటిమాటికిని వచ్చుచుండును.

1908లో ఆయన బొంబాయి కొలువు విడిచిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదును ముంచెను. వేలకొలది జనము మరణించిరి. నిజాము ప్రభుత్వపు కోరికపై 1909లో విశ్వేశ్వరయ్యగారు వచ్చి, వరదను ఆపుటకు జలాశయములు కట్టవలసిన విధమును నిర్ణయించి చెప్పిరి. 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరు, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరు ఆ ఆలోచనకు ఫలములు. తెలంగాణమువారు ఆయనను తలచుకొనుటకు ఇదియే మొదటి కారణము.

ఆ సంవత్సరముననే మైసూరునుండి చీఫ్ ఇంజనీరు పదవికి పిలుపు వచ్చెను. సొంత సీమ పిలిచినది గదా యని ఆయన వెంటనే బయలుదేరలేదు. సాంకేతిక విద్యను, పరిశ్రమలను పెంపొందించుటకు ప్రభుత్వము సిద్ధముగా నున్నదా యని ముందుగా అడిగిరి. అట్లు చేయుదుమని మాట వచ్చిన పిమ్మటనే నవంబరులో ఆ కొలువులో చేరిరి. జీతమునుగూర్చియు, బంగళాను గూర్చియు బేరమాడినవారిని చూచితిమిగాని, పనివాండ్ర చదువునుగూర్చి బేరమాడిన ఇంజనీరు అరుదు.

1911లో మైసూరు ఆర్థిక సదస్సు ఆయన ప్రేరణచే ఏర్పడెను. వ్యవసాయము, పరిశ్రమలు-వాణిజ్యము, విద్య అని మూడు సంఘములు అందులో నుండెను. విద్యను ఆర్థిక సదస్సులో చేర్చుటలోనే ఆయన అభిప్రాయము తెలియుచున్నది. చదువును ధర్మకార్యముగనో, అలంకారముగనో చూడక, కాలువవలె, రైలుమార్గమువలె పెట్టుబడిగా చూచిరి. 1912లో దివాను పదవి లభించెను. ఆరేండ్ల ఆయన పాలన ముగియునప్పటికి సంస్థానమున సుమారు 4,500 బడులుండిన చోట 11,000 దాకా అయినవనియు, 1,40,000 మంది విద్యార్థులుండిన చోట 3,66,000 మంది అయిరనియు లెక్కలు చెప్పుచున్నవి. 1913లో నిర్బంధ ప్రాథమిక విద్యకై శాసనము వచ్చెను.

అయితే అంకెలకంటె ముఖ్యము అల్లిక. హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల, బెంగుళూరున యంత్రవిద్యకు పాఠశాల, జిల్లాలలో పారిశ్రామిక పాఠశాలలు నెలకొనెను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల వెలసెను. మన కట్టమంచి రామలింగారెడ్డిగారు మైసూరు విద్యాశాఖలో నుండి ఆ విశ్వవిద్యాలయ నిర్మాణమున పాలుపంచుకొనిరి. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వారే తొలి ఉపాధ్యక్షులైరి. బడులతోపాటు 1913లో మైసూరు బ్యాంకు ఏర్పడెను. నేర్చినవానికి పెట్టుబడి కావలెను గదా! పెట్టుబడి దొరికినవానికి గిరాకి తెలియవలెను గదా! అందుకు వాణిజ్యమండలి. బడి, బ్యాంకు, బజారు మూడును పేనినగాని త్రాడు కాదని ఆయన లెక్క. వీనిలో ఏ ఒక్క పోగు లేకున్నను నేర్చిన విద్య తుప్పుపట్టును.

దీనికి చందనపు కథ మంచి ఉదాహరణము. మైసూరు అడవులలోని శ్రీగంధపు చెక్క దుంగలుగా ఐరోపాకు పోయెడిది. అచ్చట నూనె తీసి వారు లాభము పొందెడివారు. 1914లో మహాయుద్ధము వచ్చి ఓడలు నిలిచిపోగానే దుంగలు గుట్టలుపడెను. మరియొకరైనచో యుద్ధము ముగియునంతవరకు ఎదురుచూచియుందురు. విశ్వేశ్వరయ్యగారి కాలమున మైసూరు ప్రభుత్వము నూనె తీయు కర్మాగారమునే 1916లో నెలకొల్పెను. సబ్బు తయారీకై సోసలె గరళపురి శాస్త్రి అను యువ రసాయన శాస్త్రజ్ఞుని ఇంగ్లండునకు పంపి ఆ విద్య నేర్పించిరి. మనుష్యుని ముందు సిద్ధము చేసి, యంత్రమును తరువాత తెచ్చుట ఇందలి కీలకము. యంత్రమును ముందు కొని, అది చెడినపుడు బాగుచేయువానికై వెదకుట మన దేశమున నేటికిని కొన్నిచోట్ల కనబడు పద్ధతి.

ఆయన జీవితములో నాకు మింగుడుపడని ఘట్టము కూడ ఇచ్చటనే యున్నది. దానిని దాటిపోవుట న్యాయము కాదు. ప్రభుత్వోద్యోగములలో బ్రాహ్మణేతరులకు తగిన భాగము కల్పించు విషయమై మహారాజు 1918లో సర్ లెస్లీ మిల్లరు అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. విశ్వేశ్వరయ్యగారు దీనిని సమ్మతింపలేదు. విద్యను అందరికిని విస్తరింపజేసినచో కాలక్రమమున అందరును పోటీకి నిలువగలరనియు, యోగ్యతను పక్కకు నెట్టినచో పాలన చెడుననియు ఆయన వాదము. మాట చెల్లనందున పదవిని విడిచిరి. యోగ్యత పుట్టుకతో రాదు, శిక్షణతో వచ్చునని ఆయనకంటె తెలిసినవారెవరు? కాని తరతరములుగా బడి గుమ్మమే ఎక్కనివారిని కాలక్రమమునకై వేచియుండుమనుట, ఆకలిగొన్నవానిని రాబోవు పంటకై ఆగుమనుటవంటిది. బడి కట్టినంతనే చాలదు, గుమ్మము వెడల్పు కూడ చూడవలెనని ఆనాడు ఆయనకంటె మహారాజే స్పష్టముగా గ్రహించిరి.

పదవి పోయినను పట్టుదల పోలేదు. 1921లో బొంబాయి ప్రభుత్వము సాంకేతిక, పారిశ్రామిక విద్యా సంఘమునకు ఆయననే అధ్యక్షునిగా చేసెను. సభ్యులలో ఏకాభిప్రాయము కుదరలేదు. భారతీయ సభ్యులు అధ్యక్షునితో కలిసి విస్తృతమైన శిక్షణ ప్రణాళికను కోరిరి. ఆంగ్లేయ సభ్యులు అంత అక్కరలేదనిరి. రెండు నివేదికలు వెలువడెను. పాఠశాలలు మాత్రము ఆ ప్రణాళిక కోరినన్ని వెలువడలేదు.

పాఠశాలలలో మన ఉపాధ్యాయులు విశ్వేశ్వరయ్యగారి రెండు క్రొవ్వొత్తుల కథ చెప్పుచుందురు. కొలువు పనికి ప్రభుత్వపు క్రొవ్వొత్తి, సొంత పనికి సొంత క్రొవ్వొత్తి. కథ మంచిదే, ఇట్టిదే మరికొందరు మహనీయులకును అంటగట్టి చెప్పగా విన్నాను. అంతకంటె పెద్దదియు, లెక్కపుస్తకములకెక్కినదియు అయిన విషయము భద్రావతిలో జరిగెను.

భద్రావతి ఇనుప కర్మాగారము 1923లో ఉత్పత్తి ప్రారంభించెను. బొగ్గుగనులు దగ్గర లేనందున అడవి కట్టె కాల్చిన బొగ్గుతో ఇనుము కరగించు ఏర్పాటది. కట్టించినవారు అమెరికావారు, నడుపువారును పరదేశీయులే. యుద్ధానంతరము ఇనుము ధర పడిపోగా కర్మాగారము నష్టములలో చిక్కెను. మూసివేయుమన్నవారును ఉండిరి. అట్టి తరుణమున విశ్వేశ్వరయ్యగారు దాని నిర్వహణ మండలికి అధ్యక్షులై 1929 వరకు భారము మోసిరి. కర్మాగారము నిలద్రొక్కుకొనువరకు తమకు ప్రతిఫలము వలదనిరి. అధిక వేతనముల పరదేశ నిపుణుల స్థానమున క్రమక్రమముగా మైసూరు యువకులను నిలిపిరి. కొలిమి ప్రక్కన నిలిచి, వేడిని చూపుతో అంచనా వేయుటనుండి, లెక్కలు వ్రాయుటవరకు వారే నేర్చుకొనిరి. కర్మాగారమే బడి యయ్యెను. నూలు వడకుటను దేశోద్ధరణకు మార్గముగా బోధించుచుండిన గాంధీజీ సైతము 1927లో అచ్చటికి పోయి ఆ పనిని చూచి సంతసించిరి.

గాంధీజీకిని ఈయనకును యంత్రముల విషయమున పొత్తు కుదరలేదు. పరిశ్రమలు లేక దేశము బ్రతుకదని ఈయన, పెద్ద యంత్రములు వచ్చి పల్లె బ్రతుకదని వారు. పరస్పర గౌరవము మాత్రము తరుగలేదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన విద్యలో చేతిపని బాలురకు అక్షరములు నేర్పు సాధనము. విశ్వేశ్వరయ్యగారి దృష్టిలో చేతిపని యువకునకు కూడు పెట్టు సాధనము. దానికి యంత్రము, గిరాకి, జీతము తోడుండవలెను. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో కూడి నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల ఈ రెండింటి నడుమ నిలిచినదని నాకు తోచును. అచ్చట జాతీయభావమును చేతిపనిని ఒకే కప్పుక్రింద నేర్పిరి. ఆ కథ వేరొకమారు చెప్పుకొనదగినంత పెద్దది.

భద్రావతి పనికి విశ్వేశ్వరయ్యగారికి చెల్లవలసిన ప్రతిఫలము లెక్క తేల్చగా లక్ష రూపాయలకు పైబడెను. లక్ష యనగా ఆ కాలమున సామాన్యమైన సొమ్ము కాదు. అప్పటికాయన వయస్సు ఎనుబదేండ్లు దాటినది. ఆ సొమ్ముతో సుఖముగా కాలక్షేపము చేసినచో తప్పు పట్టువారు లేరు. యువకులకు వృత్తులు నేర్పు ఒక సంస్థకు దానిని వినియోగింపుడని ఆయన ప్రభుత్వమును కోరిరి. అట్లు 1943లో బెంగుళూరున ఒక వృత్తివిద్యా సంస్థ వెలసెను. దాతయొక్క పేరే పెట్టుదమని తలచిరి. ఆయన అంగీకరింపక, నాటి మహారాజు పేరు పెట్టించిరి. శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యా సంస్థ అని దానికి నామకరణమయ్యెను. నేడది శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్కు.

ఈ సంస్థలో నేర్పిన విషయములను చూచినప్పుడు ఆ వృద్ధుని మనస్సు ఎంత పడుచుదో తెలియును. యంత్రవిద్య, విద్యుత్తు మొదలైనవి ఎచ్చటనైనను ఉండునవే. వానితోపాటు చలనచిత్ర ఛాయాగ్రహణము అచ్చట పాఠ్యాంశమయ్యెను. సినిమా యనగా గౌరవనీయులు ముఖము చిట్లించుకొను కాలమది. దొడ్డ ఇంటి బాలుడు సినిమా కంపెనీకి పోయినచో తల్లిదండ్రులు బెంగపడెడివారు. కాని అది వేలకొలది మందికి జీవనాధారము కాబోవు పరిశ్రమ. కెమెరా పట్టువాడును శాస్త్రము తెలిసిన పనివాడే యని ఆ సంస్థ గుర్తించెను. మొదటి విద్యార్థులలో వి.కె. మూర్తి అను మైసూరు యువకు డొకడు. 1946లో డిప్లొమా పుచ్చుకొని బొంబాయి చేరి, గురుదత్తు చిత్రములకు ఛాయాగ్రాహకుడై వెలుగునీడలను ఆడించెను. 1959లో వచ్చిన కాగజ్ కే ఫూల్ చిత్రములో గవాక్షమునుండి దిగివచ్చు వెలుగు స్తంభమును చూచినవారు మరువలేరు. 2008వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనను వరించెను. ఛాయాగ్రాహకులలో ఆ గౌరవము మొదట పొందినవాడాయన. చిత్ర దర్శకుడు గోవింద్ నిహలానీ కూడ అచ్చట ఛాయాగ్రహణము నేర్చినవాడే.

స్వాతంత్ర్యానంతరము ఆయన చెప్పుచు వచ్చిన మాటలు ఒక్కొక్కటిగా ప్రభుత్వ పత్రములకెక్కెను. 1950లో పనివారి శిక్షణ పథకము మొదలై, నేడు ప్రతి విద్యార్థికిని తెలిసిన ఐ.టి.ఐ.లు నెలకొనెను. ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియను, వెల్డరు అను పేర్లు పల్లెలలో వినబడసాగెను. 1955లో ఆయనకు భారతరత్న బిరుదము లభించెను. 1961లో అప్రెంటిసుల శాసనము వచ్చి, కర్మాగారములు యువకులను చేర్చుకొని పని నేర్పవలెనని నిర్బంధించెను. భద్రావతి కొలిమి ప్రక్కన ఆయన నడిపిన పద్ధతి ఇట్లు దేశమునకంతకును శాసనమయ్యెను. ఈ మధ్య, 2024లో, తెలంగాణ ప్రభుత్వము 65 ఐ.టి.ఐ.లను నూతన యంత్రములతో ఉన్నత సాంకేతిక కేంద్రములుగా మార్చు పని చేపట్టినది. పరికరములు లేతునుండి రోబోటు వరకు మారినవి. గుమ్మము వెడల్పును గూర్చిన ప్రశ్న మాత్రము పాతదే.

నూరేండ్లు నిండిన తరువాత, 1962 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరున కన్నుమూసిరి. ఆయన స్మారకము ముద్దెనహళ్లిలో నున్నది. బెంగుళూరు ఇంజనీరింగు కళాశాలకును, భద్రావతి కర్మాగారమునకును తరువాతివారు ఆయన పేరే పెట్టిరి. తమ సొమ్ముతో వెలసిన వృత్తివిద్యా సంస్థమీద మాత్రము, ఆయన కోరినట్లే, నేటికిని మహారాజు పేరే యున్నది.